గోతాం బరువు

రక్తం తీసిన చోట దూది అదిమి పట్టుకుని, "వీడి బరువెంతండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

బల్ల మీద గోతాం నాలుగు కాళ్ళూ ఒకచోటికి చేర్చుకుని, తోక కడుపు కిందికి ముడుచుకుని, ఇదంతా తనకు సంబంధం లేని వ్యవహారమన్నట్టు గోడకేసి చూస్తున్నాడు. పిల్లగా ఉన్నప్పుడు ఉల్లిపాయల మార్కెట్లో ఖాళీ గోతాల మధ్య దొరికాడు కాబట్టి ఆ పేరు పడింది. కుక్కే అయినా ఆ ఇంట్లో ఎవరూ 'అది' అనరు, 'వాడు' అనే అంటారు.

"మీ కాటా మీద నిలబెడదామా?" అన్నాడు వాణ్ణి తీసుకొచ్చిన కాటాయన.

"అది రిపేరుకి వెళ్ళిందండీ. వస్తుంది వస్తుందని ఎదురు చూడ్డమే. ఉజ్జాయింపుగా చెప్పండి చాలు."

పరీక్ష పలక మీద ఒక్క గీతే వచ్చింది. పురుగు లేదన్నమాట. కాటాయన గట్టిగా ఊపిరి వదిలాడు. పోయిన నెలలో వీధి చివర వాచ్‌మన్ కుక్క, కడుపు కుండలా ఉబ్బి, నాలుగడుగులు వేస్తే కూలబడుతూ, ఒక మధ్యాహ్నం గేటు దగ్గరే ప్రాణం వదిలింది. గుండెలో పురుగులట. అప్పటినుంచి అతనికి కాలు నిలవడం లేదు. గోతాం దగ్గితే లేచి కూర్చుంటున్నాడు, దగ్గకపోతే బతికే ఉన్నాడా అని తొంగిచూస్తున్నాడు.

"దోమ కుట్టినప్పుడు కంటికి కనిపించని పిల్లపురుగు లోపలికి పోతుంది," అని డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "అది నెలల తరబడి పెరిగి గుండెలో దారప్పోగుల్లా చుట్టుకుంటుంది. అప్పుడు వైద్యం లేదని కాదు. మీ జేబుకీ కష్టం, వాడి ఒంటికీ కష్టం. నెలకో మాత్ర వేస్తే అంతదాకా రాదు. మీ వీధిలో మురిక్కాలవ ఉందన్నారు కాబట్టి మానకూడదు."

అరలోంచి రెండు మాత్రలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది పదకొండు కిలోల లోపు వాళ్ళకి. ఆ పైన ఉంటే ఇది."

ధర వాటి వెనకే అచ్చు వేసి ఉంది. రెండోది మొదటిదాని కంటే సగానికి సగం ఎక్కువ. ఒక్కసారి కొనేదైతే వేరు. ఇది నెలనెలా, గోతాం బతికున్నన్నాళ్ళూ.

కాటాయన వంగి గోతాన్ని రెండు చేతులతో ఎత్తాడు. బస్తా ఎత్తినట్టు కాదు, నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తినట్టు. పన్నెండు దాటాడని చేతులకు తెలిసిపోయింది.

"పదిన్నర," అన్నాడు.

"ఖాయమేనా?"

"మార్కెట్లో కాటా మీద ఉంటానమ్మా నేను."

"అయితే ఇంక అడగడానికేముంది!" అని నవ్వి, చిన్న మాత్ర కాగితంలో చుట్టి ఇచ్చింది.

బయటికొచ్చి నాలుగడుగులు వేశాక గాని తానేం అన్నాడో అతనికి తెలియలేదు. అబద్ధం చెప్పాలనుకుని చెప్పింది కాదది. నోటికి దానంతటదే వచ్చింది. వెనక్కి వెళ్ళి చెప్పొచ్చు. తలుపు ఇంకా మూసుకోలేదు. కానీ గోతాం ఇంటికి పోదామని తాడు గుంజుతున్నాడు, జేబులో చిన్న మాత్ర ధర పోను మిగిలిన చిల్లర చేతికి తగులుతోంది. అతను తాడు వెంట నడిచాడు.

ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని బడిపిల్లల లాగుల అంచులు మడిచి కుడుతోంది. గోతాం లోపలికి రాగానే తిన్నగా వెళ్ళి మిషను కింద, ఆవిడ కాళ్ళ పక్కన చుట్ట చుట్టుకున్నాడు. పొద్దుట అతను మార్కెట్టుకి పోయిందగ్గర్నుంచి మళ్ళీ వచ్చేదాకా ఆ ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. ఆవిడ కుట్టుకుంటూ వాడితోనే మాట్లాడుతుంది. ఏ కొలత ఎవరిదో, ఎవరు డబ్బులివ్వకుండా తిప్పుతున్నారో మొత్తం వాడికి తెలుసు.

"ఏమండీ, ఏమంది డాక్టరమ్మ?"

"పురుగు లేదంది. నెలకో మాత్ర వెయ్యాలంది."

"దేవుడు చల్లగా చూశాడు," అని ఆవిడ గోడమీది పటం వైపు ఒకసారి చేతులు జోడించి, మళ్ళీ కుట్టులో పడింది. మాత్రని రొట్టె ముక్కలో పెట్టి అతనే తినిపించాడు. గోతాం నమలకుండా మింగేసి, ఇంకోటి ఉందేమోనని అతని అరచెయ్యి నాకాడు.

"ఇదిగో, వాడికి రేపట్నుంచి సాయంత్రం తిండి సగం చెయ్యి," అన్నాడు అతను చెప్పులు విప్పుతూ.

మిషను ఆగింది. "ఎందుకూ?"

"లావెక్కుతున్నాడు. గుండెకి మంచిది కాదంట."

"వీడా లావు? డొక్కలు లెక్కపెట్టొచ్చు! ఆవిడ కళ్ళజోడు మర్చిపోయి వచ్చిందా ఏంటి?"

"చెప్పింది చెయ్యవే," అని అతను పెరట్లోకి పోయాడు.

ఆ సాయంత్రమంతా ఒకచోట కూర్చోలేకపోయాడు. పాత పేపరు మడతపెట్టి గోడమీద దోమల్ని కొట్టాడు. కిటికీ మూశాడు. ఉక్కగా ఉందని భార్య తెరిస్తే మళ్ళీ మూశాడు. వాడిన నూనె సీసా అడుగున మిగిలింది పట్టుకెళ్ళి, దోమలు పుట్టకుండా ఇంటి ముందు కాలవలో పోసి, అది రంగురంగులుగా పరుచుకోవడం చూస్తూ నిలబడ్డాడు. కాలవ వీధి పొడుగునా ఉంది. నూనె అతని గుమ్మం దాటి రెండిళ్ళ వరకైనా పోలేదు.

మార్కెట్లో కాటాయన పని చూడడం, చెప్పడం. హమాలీ బస్తాని కాటా పలక మీదికి దించుతాడు. కాటాయన దండె మీద ఇనప గుండుని జరుపుతాడు. దండె అటూ ఇటూ ఊగి మట్టానికి నిలవగానే అంకెని గట్టిగా పాడినట్టు చెబుతాడు. మెట్టుమీద కూర్చున్న గుమాస్తా విన్నదే రాసుకుంటాడు. దండె మీది గీతలు సన్నం, కాటా చుట్టూ బస్తాల గోడ. సరుకు తెచ్చినవాళ్ళకి వినిపించడమే గాని కనిపించడం లేదు.

బస్తాకి రెండు కిలోలు తరుగు. మట్టి ఉంటుంది, తడి ఉంటుంది, కుళ్ళినవి ఉంటాయి, అందుకని. అది ఎవరు పెట్టిందో, ఎప్పుడు పెట్టిందో ఎవరికీ తెలియదు. కాటాయనకి కాటా నేర్పినాయన, "కన్ను యాభై మూడు చూస్తే నోరు యాభై ఒకటి చెప్పాలి. మధ్యలో ఆగావంటే రైతు పసిగడతాడు," అని నేర్పాడు. అతను ఆగకుండా చెప్పడం నేర్చుకున్నాడు. ఇప్పుడు మధ్యలో తీసివేత అనేదే లేదు. కన్ను చూస్తుంది, నోరు రెండు తక్కువ పలుకుతుంది, అంతే. తరుగులో మిగిలిన సరుకు అమ్మగా వచ్చినదాంట్లో షావుకారు వారానికోసారి, శనివారం సాయంత్రం, కాటాయనకీ హమాలీలకీ తలా కొంత పంచుతాడు. దాన్ని వాటా అంటారు. కూలి ఇంటి ఖర్చులకి ముందే అయిపోయి ఉంటుంది కాబట్టి, అతని చేతిలో ఆడే డబ్బు ఆ వాటా ఒక్కటే. మాత్ర కొన్నది కూడా దానితోనే.

మర్నాడు పొద్దున్నే గోతాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇంకా బేరాలు మొదలు కాలేదు. రోజూ చేసినట్టే కాటాని ముట్టుకుని వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. తరవాత గోతాన్ని పలక మీద నిలబెట్టాడు. చల్లటి ఇనుము తగలగానే వాడు ఒక కాలెత్తి, ఇంకో కాలెత్తి, చివరికి అతని ముఖంలోకి చూస్తూ కదలకుండా నిలబడ్డాడు.

దండె నిలిచింది. అతను గుండుని వెనక్కి జరిపి మళ్ళీ ముందుకు తెచ్చాడు. మళ్ళీ అక్కడే నిలిచింది. పన్నెండున్నర.

"ఏం బావా, ఇవాళ కొత్త సరుకు దించావే!" అంటూ వచ్చాడు అతని బావమరిది. అదే కాటా మీదికి బస్తాలు దించే హమాలీ. భుజం మీది గుడ్డతో మెడ తుడుచుకుంటూ వంగి దండె చూశాడు. "పన్నెండున్నర. మరి నువ్వు డాక్టరమ్మకి ఎంత చెప్పావన్నావ్ రాత్రి ఫోన్లో?"

"పదిన్నర."

బావమరిది ఒక్క క్షణం ఆలోచించి పగలబడి నవ్వాడు. "వార్నీ! కుక్కకి కూడా తరుగు తీశావా బావా! సరిగ్గా రెండు కిలోలే! తప్పేముందిలే, మెడతాడు ఒకటి, ఒంటి మీది దుమ్ము ఒకటి, పొద్దుట తిన్నది ఒకటి. కుళ్ళు కింద ఆ తోక తీసెయ్."

కాటాయనకి నవ్వు రాలేదు. అది చూసి బావమరిది నవ్వు తగ్గించుకుని, "ఏమవుతుందిలే బావా, పదకొండు మీద ఒకటిన్నర కిలోకి! మాత్రకేమన్నా తూకం తెలుసా?" అన్నాడు.

బస్తాల పక్కన తన వంతు కోసం కూర్చున్న ఒక ముసలామె ఇదంతా చూస్తోంది. వారానికి రెండుసార్లు ఉల్లిపాయలు తెచ్చేది. ఎప్పుడూ ఒక్క బస్తా. ఆ బస్తా పక్కనే, దాన్ని ఆనుకుని కూర్చుంటుంది.

"కుక్కనైతే రెండుసార్లు సరిచూశావు నాయనా," అంది ఆమె. కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది.

అతను గోతాన్ని కిందికి దించాడు. ఆ పూట ఆమె బస్తా కాటా ఎక్కినప్పుడు కన్ను యాభై రెండు చూసింది, నోరు యాభై అంది. గుమాస్తా రాసుకున్నాడు. ఆమె కొంగు దులుపుకుని, చీటీ తీసుకుని వెళ్ళిపోయింది.

సగం తిండి రెండు సాయంత్రాలు నడిచింది. మొదటిరోజు గోతాం తినేసి, ఖాళీ గిన్నెని మూతితో తోసుకుంటూ వంటగది గుమ్మం దాకా తెచ్చాడు. గిన్నెలో ఏదో పెట్టడం మరిచిపోయారు, గుర్తుచేద్దామన్నట్టు. రెండోరోజు గుర్తు చెయ్యలేదు. గిన్నె పక్కన పడుకుని, భార్యాభర్తల్ని ఒకరి తరవాత ఒకర్ని చూశాడు.

మూడోరోజు కాటాయన ఇంటికొచ్చేసరికి మిషను ఆగి ఉంది. భార్య నేల తుడుస్తోంది. గోతాం మూలన తల దించుకుని నిలబడ్డాడు.

"పక్కింటివాళ్ళ చెత్తబుట్టలో తల పెట్టాడు," అంది ఆవిడ గుడ్డ పిండుతూ. "ప్లాస్టిక్ సంచి మింగి కక్కాడు. ఆవిడొచ్చి, 'మీరు వీడికి తిండి పెట్టరా అక్కయ్యా' అని అడిగింది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అతను వంగి గోతాం మూతి తుడిచాడు.

"తమ్ముడు చెప్పాడు నాకు."

"ఏం చెప్పాడు?"

"నవ్వుకుంటూ చెప్పాడులెండి, వాడికన్నీ నవ్వులాటే. పన్నెండున్నరంట కదా! వీడు లావెక్కడం కాదు, మీరు చిన్న మాత్ర తెచ్చి, వీణ్ణి ఆ మాత్రకి సరిపడా చేద్దామని మాడుస్తున్నారు. లాగు చిన్నదైతే లాగు విప్పి కుడతాం గానీ పిల్లాడి కాళ్ళు కోస్తామా?"

"పెద్దది నెలనెలా కొనగలమా? నువ్వే చెప్పు."

"కొనలేమని చెప్పండి. నాకు చెప్పండి, డాక్టరమ్మకి చెప్పండి. కొనలేకపోవడం తప్పు కాదు." గుడ్డని బకెట్లో పడేసింది. "నేను నోరున్నదాన్ని, తిండి తక్కువైతే అడుగుతాను. వాడేమడుగుతాడు? పైగా పొద్దున్నే ఆ పటం ముందు కళ్ళు మూసుకుని అంతసేపు నిలబడతారే, అక్కడ ఎంత చెబుతున్నారు వాడి బరువు?"

అతను గుమ్మంలో చెప్పులు విప్పబోయినవాడల్లా మళ్ళీ తొడుక్కున్నాడు.

డాక్టరమ్మ గది కడిగి తలుపులు మూసే వేళకి చేరాడు. నిలబడే చెప్పాడు. "మొన్న నేను చెప్పిన తూకం తప్పమ్మా. పన్నెండున్నర."

"కాటా మీద ఉండే మీరే పొరపడ్డారా?"

"పొరపడలేదు." ఎలా చెప్పాలో తెలియక తరుగు సంగతి చెప్పాడు. చెబుతుంటే తనకే అది వేరే ఎవరి సంగతో విన్నట్టుంది. ఆవిడ మందలించలేదు. అది అతనికి ఇంకా ఇబ్బందిగా ఉంది.

"ఇలా చూడండి," అంది. "చాలని మందు వేస్తే, వేశామన్న ధైర్యం ఒక్కటే మిగులుతుంది. దోమకి ఆ సంగతి తెలీదు కదా. ఈ వారంలోపు ఇంకో చిన్న మాత్ర వెయ్యండి. రెండూ కలిసి వాడి వంతుకి సరిపోతాయి. వచ్చేనెల నుంచి పెద్దదే."

రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దదానికంటే ఎక్కువ పడుతుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"మందులు నావైతే ఇప్పుడే ఇచ్చేదాన్నండీ. ఆస్పత్రివి. నా చేతిలో లేదు."

"అయ్యో, అదేం వద్దమ్మా. శనివారం వస్తాను. శనివారం మాకు వాటా ఇస్తారు."

"ఆరునెలలకి మళ్ళీ రక్తం చూద్దాం. ఈ మధ్య కుట్టినవాటి సంగతి మొన్నటి పరీక్షలో తెలియదు. కంగారు పడకండి, చెబుతున్నానంతే."

కంగారు పడవద్దన్నాక అతను ఇంటిదాకా అదే పడ్డాడు. అయినా గుండె మీద ఏదో కాస్త పక్కకి జరిగినట్టుంది. పన్నెండున్నర అన్న మాట పైకి అన్నాడు కదా. ఇంటికెళ్ళి గిన్నెలో నిండా పెట్టమన్నాడు. "పెట్టేశానండీ, మీరు చెప్పేదాకా కూర్చుంటానా?" అంది భార్య.

శనివారం మార్కెట్టు క్రిక్కిరిసి ఉంది. కాటాని ముట్టుకుని వేళ్ళు కళ్ళకద్దుకున్నాక అతను వెంటనే చెయ్యి తియ్యలేదు. రోజూ నేను దణ్ణం పెట్టేది దేనికి? ఈ ఇనుముకా, ఇది చెప్పేదానికా? ఇది చెప్పేదానికైతే, అది చెప్పింది నేనెప్పుడన్నా చెప్పానా? దేవుణ్ణి నిలదియ్యాలని కాదు, ఊరికే అడిగాడు. జవాబు వచ్చేలోగా బావమరిది మొదటి బస్తా దించాడు.

పొద్దున్నంతా నోరు తన పని తాను చేసుకుపోయింది. నలభై తొమ్మిది. యాభై. నలభై ఎనిమిది. ప్రతిసారీ అంకె బయటికొచ్చాక అతనికి ఒక చిన్న అడ్డు తగులుతున్నట్టుంది, చెప్పులో రాయి పడినట్టు. సాయంత్రం దాకా ఓపిక పడితే వాటా వస్తుంది. వాటాతో మాత్ర వస్తుంది. అంతవరకే ఆలోచించాలనుకున్నాడు.

ముసలామె బస్తా వచ్చింది. బావమరిది "హుప్" అని దించాడు. గుండు జరిగింది, దండె ఊగింది, నిలిచింది.

"యాభై మూడు!"

గుమాస్తా రాసేశాడు. రాశాక తలెత్తాడు. ఆ అంకె కంటే, అంతకుముందు కాటాయన ఒక్క క్షణం ఆగడమే అతనికి ఎక్కువగా వినిపించింది. లోపల కుర్చీలో ఉన్న షావుకారు కూడా విన్నాడు.

"ఏమయ్యా, గొంతు జారిందా? మళ్ళీ చెప్పు."

బావమరిది బస్తా సర్దుతున్నట్టు వంగి, పళ్ళబిగువున అన్నాడు. "బావా, వాటా రోజు. ఇవాళ్టికి ఊరుకో. సోమవారం నుంచి సత్యవంతుడివి అవుదువుగాని."

"యాభై మూడండీ," అన్నాడు కాటాయన.

షావుకారు లేచి వచ్చాడు. అరవలేదు. అతను అరిచే మనిషి కాదు. కాటాయన కూతురు పెళ్ళికి రెండు రోజులు ముందే వచ్చి కూర్చున్నవాడు. "నీకు నేనేమన్నా తక్కువ చేశానా?"

"లేదండీ."

"తరుగు నేను పుట్టించానా? మట్టి లేదా, తడి లేదా? దాన్ని నేను మొయ్యాలా? ఇంతమంది ముందు ఇదేంటయ్యా?"

షావుకారు చెప్పిందాంట్లో కాటాయనకి తప్పు కనబడలేదు. "కాటా చూపించింది చెప్పానండీ" అన్నాడు మెల్లిగా.

ఈలోగా ముసలామె లేచి వచ్చింది. సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె ముఖంలో భయం ఉంది. అతని మోచెయ్యి పట్టుకుని కాటా వెనక్కి లాక్కుపోయింది.

"ఎందుకు ఎక్కువ చెప్పావు నాయనా?"

"ఎక్కువ కాదమ్మా. ఉన్నదే చెప్పాను."

"ఉన్నదే చెప్పావా?" ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అడుగున రెండు కిలోల మట్టి పోసుకొచ్చానయ్యా! ఎలాగూ మీరు రెండు తీసేస్తారు కదా అని. నేనొక్కదాన్నే కాదు, మా వాళ్ళందరూ పోస్తారు. నువ్వు తీస్తావు, మేం పోస్తాం, ఇన్నాళ్ళూ సరిపోయింది. ఇప్పుడు ఉన్నట్టుండి నువ్వు మంచోడివైపోతే నేను దొంగనైపోనూ?"

అతను తల తిప్పి పలక మీది బస్తాకేసి చూశాడు.

"యాభై ఒకటి అని చెప్పెయ్యి నాయనా. నీకు పుణ్యముంటుంది."

"కాటా మీద యాభై మూడుంటే యాభై ఒకటి ఎలా చెప్పను పెద్దమ్మా?"

"మొన్నటిదాకా ఎలా చెప్పావో అలాగే!"

పక్కనే ఉన్న బావమరిది ఈసారి ఆపుకోలేకపోయాడు. కాటాయనకీ పెదాల చివర నవ్వు వచ్చి, అంతలోనే పోయింది. తాను రోజూ తీసేది ఉల్లిపాయలనుకున్నాడు, మట్టి. ఆమె పోసేది మట్టి. ఆ మట్టి బస్తాల్లో షావుకారు దాటి, చిల్లర కొట్లు దాటి, చివరికి ఎవరెవరి వంటింటికో పోతుంది. తన భార్య ఉల్లిపాయలు కడిగితే గిన్నె అడుగున దిగేది అదే. ఇక్కడ అందరికీ అందరి సంగతీ తెలుసు. ఒకరు తీస్తారని ఒకరు కలుపుకుని వస్తారు. గోతానికే తెలియదు. వాడు ఏమీ కలుపుకోకుండా వచ్చి, పన్నెండున్నర కిలోల బరువూ పలక మీద పెట్టి, అతని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ముసలామె ఇంక అతన్ని బతిమాలలేదు. కాటా పక్కన చతికిలబడి, బస్తా మూతి కుట్టు పళ్ళతో తెంపింది. ఉల్లిపాయల్ని దోసిళ్ళతో గోనెపట్టా మీదికి తీసి, అడుగున ఉన్న మట్టిని దులిపి పక్కకి పోసింది. ఎర్రటి చిన్న కుప్ప. ఎవరి వైపూ చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కాటాయన కూర్చుని ఉల్లిపాయలు బస్తాలోకి ఎత్తడానికి సాయం చేశాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు తమ బస్తాల మీద చేతులేసుకుని ఊరికే నిలబడ్డారు.

బస్తా మళ్ళీ కాటా ఎక్కింది.

"యాభై ఒకటి!"

షావుకారు నడుం మీద చేతులేసుకుని ఫకాల్న నవ్వాడు. "రోజూ చెప్పే అంకే కదయ్యా! దీనికింత తతంగమా? పొద్దంతా తినేశావు." గుమాస్తా కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు. ముసలామె చీటీ తీసుకుని, మట్టి కుప్ప మీద నుంచి కాలు పడకుండా దాటి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కాటాయనకేసి ఒకసారి చూసింది. అది మెచ్చుకోలో, తిట్టో, అతనికి అర్థం కాలేదు.

"ఈ పూటకి నువ్వు దబ్బనం పట్టుకో," అన్నాడు షావుకారు. బస్తాల మూతులు కుట్టే పని. "ఒళ్ళు బాగాలేనట్టుంది నీకు. ఒరేయ్, కాటా మీదికి నువ్వు రా."

బావమరిది గుడ్డతో చేతులు తుడుచుకుని కాటా దగ్గర నిలబడ్డాడు. బస్తా ఎక్కింది. గుండు జరిపాడు. దండె నిలిచాక చాలాసేపు దాన్నే చూశాడు.

"చెప్పరా, నిద్రపోయావా?" అన్నాడు షావుకారు.

"నలభై... తొమ్మిది."

కాటాయన తల ఎత్తలేదు. దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తున్నాడు, అది బెజ్జంలోకి పోవడం లేదు. తరవాతి బస్తాకి బావమరిది అంత ఆగలేదు. ఆ తరవాతి బస్తాకి అసలు ఆగలేదు.

సాయంత్రం గుమాస్తా అందరికీ కూలి కవర్లు ఇచ్చాడు. వాటా పంచేటప్పుడు కాటాయన దగ్గరికి వచ్చి, షావుకారు వైపు చూసి, పక్కవాడి దగ్గరికి వెళ్ళాడు. బావమరిది తన వాటాలోంచి తీసి ఇవ్వబోయాడు.

"మాత్రకి ఉంచుకో బావా. వాడు నాకూ మేనల్లుడే."

"వద్దురా. దాంతో మాత్రం వద్దు."

"నామీద కోపమా?"

"నీమీద ఏముందిరా? నీ చోట నేనే ఉన్నాను ఇన్నాళ్ళూ."

కూలి కవరు ఎప్పుడూ చింపకుండా ఇంటికి తీసుకెళ్ళి, దేవుడి పటం ముందు పెట్టి, ఆ తరవాత భార్య చేతికివ్వడం అతనికి అలవాటు. ఆ సాయంత్రం నడివీధిలో, మందులిచ్చే కిటికీ ముందు నిలబడి, దాన్ని చింపాడు. కిటికీలో అమ్మాయి ఏ మాత్ర కావాలంది. "చిన్నదే. ఇది వాడికి రెండోది," అన్నాడు అతను. అడగకపోయినా, "పన్నెండున్నర కిలోలుంటాడు," అన్నాడు. ఆ అమ్మాయి తలూపి చిల్లర లెక్కపెట్టుకుంది.

ఇంటికెళ్ళేసరికి భార్య లాగుల కట్ట కడుతోంది. చేతిలోని కవరు చూసింది.

"చింపారేం?"

"వాటా రాలేదు. దీంట్లోంచే కొన్నాను." జరిగింది చెప్పాడు. ఆవిడ మట్టి సంగతి దగ్గర, "అమ్మ ముసలమ్మా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దబ్బనం సంగతి దగ్గర నవ్వలేదు.

"మళ్ళీ కాటా మీదికి పిలుస్తారా?"

"తెలీదు. పిలిస్తే ఏం చెబుతానో కూడా తెలీడం లేదు."

"దబ్బనమే ఇస్తే నన్నడగండి, నేర్పిస్తాను. కుట్టు నా విద్య." కవరులో మిగిలింది వేళ్ళతో తడిమి చూసుకుంది. ముఖంలో ఏవేవో లెక్కలు నడిచాయి. "అద్దె ఇచ్చేసి, మిగతావి ఎలాగో చూద్దాం. ఇంటాయనకి ఒక వారం ఆలస్యమని చెబితే..." అని ఆగి, "లేదులెండి, అద్దె ఇచ్చేద్దాం. నాలుగు లాగులు ఎక్కువ కుడతాను," అంది.

అతను గోతాన్ని పిలిచాడు. వాడు వెంటనే రాలేదు. మిషను కింద నుంచి తల మాత్రం పెట్టి, చేతిలో ఉన్నది తిండో, తాడో తేల్చుకుని, అప్పుడు వచ్చాడు. మాత్ర మింగించి, గొంతు మీద వేలితో నిమురుతూ అది దిగిందో లేదో చూశాడు. అరచెయ్యి జారి రొమ్ము మీదికొచ్చి ఆగింది. లోపల గుండె గబగబా కొట్టుకుంటోంది. ఆరునెలలు ఆగితేగాని తెలియదన్నారు. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. గోతానికి మాత్రం అంత ఓపిక లేదు. విదిలించుకుని గిన్నె దగ్గరికి పోయాడు.

భార్య అప్పటికే పెట్టేసింది. వాడు తింటుంటే గిన్నె నేలమీద కొంచెం కొంచెంగా జరుగుతూ గోడదాకా పోయి ఆగింది. అడుగు కనబడుతోంది.

కాటాయన లేచి ఇంకో గరిటె వేశాడు.